విద్యుత్ కారు ముందు అద్దానికి ఏ ద్రవం వాడాలి? – ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

రాష్ట్రంలోను, దేశవ్యాప్తంగాను విద్యుత్ కార్ల వినియోగం ఏటేటా పెరుగుతున్నది. ఆంధ్రప్రదేశ్ 2018లోను, తెలంగాణ 2020లోను విద్యుత్ వాహనాలకు ప్రత్యేక విధానాలను ప్రకటించాయి. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రిజిస్టరయ్యే విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి మినహాయింపు ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసినది. ఈ ప్రోత్సాహకాల కారణంగా ఎందరో కుటుంబీకులు, టాక్సీ యజమానులు, ప్రభుత్వ కార్యాలయాల వారు తొలిసారిగా విద్యుత్ కారును నడుపుతున్నారు. వాహనం కొత్తది కావడంతో దాని నిర్వహణపై కొత్త సందేహాలు తలెత్తడం సహజం. ముందు అద్దాన్ని కడిగే వాషర్ ద్రవం ఎంపిక అటువంటి సందేహాలలో ఒకటి.

పెట్రోలు, డీజిలు కార్ల యజమానులు ఇంజన్ ఆయిల్, రేడియేటర్ నీరు వంటివి తరచుగా పరిశీలించడం అలవాటు. విద్యుత్ కారులో ఇంజన్ ఆయిల్ ఉండదు. బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఉన్నప్పటికీ వాటిని అధీకృత సర్వీసు కేంద్రాల సిబ్బంది మాత్రమే ముట్టుకోవలసి ఉంటుంది. అందువలన యజమాని గాని, డ్రైవరు గాని స్వయంగా బానెట్ ఎత్తి నింపవలసిన ద్రవం దాదాపు వాషర్ ద్రవం ఒక్కటే. దీని ఎంపిక బాధ్యత మెకానిక్ చేతిలో కాక వాహనం నడిపేవారి చేతిలోనే ఉన్నది. ఏది దొరికితే అది పోయడం వలన కలిగే నష్టాలు మూడు. చూపు మందగించి ప్రమాదం జరగడం మొదటిది. విషపూరిత రసాయనం ఇంటిలోకి చేరడం రెండవది. ఖరీదైన భాగాలు చెడిపోవడం మూడవది. ఈ మూడింటినీ కొద్దిపాటి అవగాహనతో నివారించవచ్చు.

స్పష్టమైన చూపు – చట్టపరమైన బాధ్యత

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున విస్తరించిన ఔటర్ రింగు రోడ్డుపై కార్ల గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంతో ప్రయాణించే కారు సెకనుకు 33 మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. ముందు పోతున్న లారీ చక్రాల నుంచి చిమ్మిన బురద అద్దంపై పడి, దానిని తుడవడానికి మూడు సెకన్లు పట్టినదనుకుంటే, ఆ లోపు కారు 100 మీటర్లు దాటిపోతుంది. అంత దూరం డ్రైవరు సరిగా చూడకుండానే ప్రయాణించినట్లు లెక్క. వాషర్ తొట్టి ఖాళీగా ఉండి, పొడి అద్దంపై వైపర్ ఆడితే బురద అద్దమంతా అలుముకుని పరిస్థితి మరింత విషమిస్తుంది. అద్దంపై మిగిలిన సన్నని జిడ్డు పొర పగటిపూట కంటికి కనిపించదు. రాత్రివేళ ఎదురు వాహనాల దీపాల కాంతి దానిపై పడినప్పుడు మాత్రం అద్దమంతా తెల్లగా మెరిసి, రహదారి దాటుతున్న మనిషి కానరాని ప్రమాదం ఉన్నది.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉన్నది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం కాంతి ప్రసరించాలి. అద్దాలను ఆ స్థితిలో నిర్వహించడం కూడా అందులోనే తప్పనిసరి చేయబడినది. ముందు అద్దం గల కార్ల వంటి వాహనాలకు సమర్థంగా పనిచేసే వైపర్ ఉండాలని 101వ నియమం నిర్దేశిస్తున్నది. వైపర్ సమర్థంగా పనిచేయాలంటే సరైన ద్రవం అవసరం. ఆ దృష్టితో చూసినపుడు వాషర్ ద్రవం అలంకారానికి సంబంధించినది కాదని, రహదారి భద్రతలో భాగమని గుర్తించవలసి ఉన్నది.

ద్రవంలో ఉండే పదార్థాలు

బజారులో లభించే వాషర్ ద్రవంలో అత్యధిక భాగం నీరే. దానికి జిడ్డును, పురుగుల మరకలను విడదీసే సబ్బు వంటి పదార్థాన్ని స్వల్పంగా కలుపుతారు. ఆరిపోవడాన్ని త్వరితం చేయడానికి, చలిలో గడ్డకట్టకుండా ఉండటానికి ఆల్కహాలును చేరుస్తారు. గుర్తు పట్టడానికి నీలం, ఆకుపచ్చ వంటి రంగు, కొన్నింటిలో సువాసన కలుపుతారు. కలిపే ఆల్కహాలు అన్నింటిలో ఒకటే కాదు. ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మిథనాల్ అనే మూడింటిలో ఏదో ఒకటి గాని, కొన్ని కలిసి గాని ఉండవచ్చు. కొనుగోలుదారు ప్రధానంగా చూడవలసినది ఈ అంశాన్నే.

ఈ ద్రవాలు మూడు రూపాలలో దొరుకుతాయి. సిద్ధంగా కలిపినవాటిని నేరుగా తొట్టిలో పోయవచ్చు. గాఢ ద్రవాన్ని సీసాపై సూచించిన నిష్పత్తిలో నీటితో కలపాలి. మాత్రల రూపంలో ఉన్నవాటిని తగినంత నీటిలో పూర్తిగా కరిగించిన తరువాతనే వాడాలి. మాత్రను నేరుగా తొట్టిలో వేస్తే కరగని ముక్కలు పంపు జాలీకి అడ్డుపడే అవకాశం ఉన్నది. గాఢ ద్రవం ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రపడుతుందన్న అభిప్రాయం కూడా సరికాదు. మోతాదు మించితే నురుగు, మరకలు మిగులుతాయి.

‘విద్యుత్ కార్లకు ప్రత్యేకం’ అనే మాటలో నిజమెంత?

విద్యుత్ కారు అద్దం, పెట్రోలు కారు అద్దం ఒకే విధమైనవి. రెండూ రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంచి అతికించిన భద్రతా అద్దాలే. వైపర్ రబ్బరు, చిమ్మే నాళికలు, పంపు కూడా ఒకే తరహావి. వాషర్ పంపు పెద్ద బ్యాటరీతో కాక, దీపాలు, హారను వంటివాటిని నడిపే చిన్న బ్యాటరీతో పనిచేస్తుంది. ఈ చిన్న బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులది. కొద్ది సెకన్లు మాత్రమే తిరిగే ఈ చిన్న మోటారు వలన ఒక చార్జింగుతో వెళ్ళగలిగే దూరం చెప్పుకోదగినంతగా తగ్గదు. అందుచేత ‘విద్యుత్ కార్లకు మాత్రమే’ అన్న ముద్రతో అధిక ధరకు అమ్మే ద్రవాన్ని కొనవలసిన సాంకేతిక అవసరం ఏదీ లేదు. ద్రవం నాణ్యతను ఆ ముద్రను బట్టి కాక, అందులోని పదార్థాలను బట్టి నిర్ణయించుకోవాలి.

అయితే మూడు విషయాలలో విద్యుత్ కారు భిన్నమైనదే.

మొదటిది ఉష్ణోగ్రత. పెట్రోలు కారులో ఇంజన్ వేడి బానెట్ కింది భాగమంతా వ్యాపిస్తుంది. విద్యుత్ కారులో అంత వేడి పుట్టదు. కాబట్టి వాషర్ తొట్టి, గొట్టాలు బయటి వాతావరణానికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతలోనే ఉంటాయి. చలి ప్రదేశాలలో ద్రవం గడ్డకట్టే అవకాశం ఈ కార్లలో కొంత ఎక్కువ.

రెండవది తొట్ల సంగతి. బ్యాటరీని, మోటారును చల్లబరిచే కూలెంట్ తొట్టి కూడా పలు కార్లలో బానెట్ కిందనే, వాషర్ తొట్టికి సమీపంలోనే ఉంటుంది. కొన్ని విద్యుత్ కార్లలో విద్యుత్ వాహకత అతి తక్కువగా ఉండే ప్రత్యేక కూలెంట్ వాడతారు. అది నీలం రంగులో ఉండే కార్లు కూడా ఉన్నాయి. వాషర్ ద్రవం కూడా తరచుగా నీలం రంగుదే కావడం వలన రంగును చూసి పోయడం ప్రమాదకరం. కూలెంట్ తొట్టిలో పొరపాటున వాషర్ ద్రవం పడితే బ్యాటరీ శీతలీకరణ వ్యవస్థ మొత్తాన్ని సర్వీసు కేంద్రంలో శుభ్రపరచవలసి రావచ్చు. మూతపై ఉన్న గుర్తును చూసి మాత్రమే నింపాలి. ముందు అద్దం ఆకారంపై నీరు చిమ్ముతున్నట్లున్న బొమ్మ వాషర్ తొట్టిని సూచిస్తుంది.

మూడవది కెమెరాలు. ఇటీవలి విద్యుత్ కార్లు అనేకం డ్రైవరుకు తోడ్పడే వ్యవస్థలతో వస్తున్నాయి. గీత దాటితే హెచ్చరించడం, ముందు వాహనం దగ్గరపడితే బ్రేకు వేయడం వంటి పనులకు అవి ఆధారపడేది ముందు అద్దం వెనుక, లోపలి అద్దానికి సమీపంలో అమర్చిన కెమెరాపైనే. ఆ కెమెరా ముందున్న అద్దపు భాగాన్ని తుడిచేది కూడా ఇదే వైపర్, ఇదే ద్రవం. డ్రైవరు కంటికి అడ్డుపడని చిన్న మరక కూడా కెమెరాకు అడ్డుకావచ్చు. ఇటువంటి వ్యవస్థలు పెట్రోలు కార్లలో కూడా ఉన్నప్పటికీ, కొత్తగా విద్యుత్ కారు కొన్న పలువురికి ఇవి తొలి పరిచయమే.

ఏ నీరు కలపాలి?

గాఢ ద్రవాన్ని గాని, మాత్రను గాని వాడేవారికి నీటి ఎంపిక ముఖ్యమైనది. ఉభయ తెలుగు రాష్ట్రాలలో పలు ప్రాంతాల బోరు నీటిలో కఠినత్వం ఎక్కువ. ఇంటిలో గీజరు కాయిలుపై పేరుకునే తెల్లని పొర, కుళాయి చివర కనిపించే సున్నపు పొలుసు ఇందుకు నిదర్శనం. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. తాగడానికి అనుమతించిన నీరు సైతం అద్దానికి అనువైనది కాకపోవచ్చు. ఎండలో వేడెక్కిన అద్దంపై పడిన కఠిన జలం క్షణాలలో ఆవిరై, అందులోని లవణాలు తెల్లని చుక్కలుగా మిగిలిపోతాయి. అదే సున్నం చిమ్మే సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. కఠిన జలంలో సబ్బు పదార్థం కూడా పూర్తిగా పనిచేయదు.

కనుక డిస్టిల్డ్ వాటర్ గాని, లవణాలు తొలగించిన నీరు గాని కలపడం ఉత్తమం. బ్యాటరీ దుకాణాలలో, పెట్రోలు బంకులలో అమ్మే బ్యాటరీ నీరు ఇందుకు పనికివస్తుంది. అయితే అదే దుకాణాలలో బ్యాటరీ ఆమ్లం కూడా అమ్ముతారు కాబట్టి సీసాపై పేరు చదివి తీసుకోవాలి. ఇంటిలో ఆర్.ఓ. యంత్రం ఉన్నవారు ఆ శుద్ధజలాన్ని వాడవచ్చు. ఆ యంత్రం నుంచి వృథాగా బయటకు పోయే నీటిలో లవణాలు మరింత గాఢంగా ఉంటాయి. పొదుపు పేరుతో దానిని వాషర్ తొట్టిలో పోయరాదు.

ఒట్టి నీరు చాలదా?

మన ప్రాంతంలో చలి తక్కువ కాబట్టి నీరు పోస్తే సరిపోతుందనే అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. గడ్డకట్టే సమస్య లేనిమాట నిజమే. అయినప్పటికీ రెండు కారణాల వలన ఒట్టి నీరు తగినది కాదు.

పంటకాలువల వెంబడి, చెరువుల పక్కన సాయంత్రం ప్రయాణించే వాహనాల అద్దంపై పురుగులు గుంపులుగా పడి అతుక్కుపోతాయి. తొలకరి జల్లుకు రహదారిపై పేరుకున్న నూనె, టైర్ల పొడి కలిసి అద్దంపై జిడ్డుగా చేరుతుంది. వీటిని నీరు మాత్రమే విడదీయలేదు. ఇది మొదటి కారణం.

రెండవది ఆరోగ్యానికి సంబంధించినది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి హాజరైనవారిలో తీవ్రమైన న్యుమోనియా ప్రబలినది. దానికి కారణమైన సూక్ష్మజీవికి తరువాత లెజియొనెల్లా అని పేరు పెట్టారు. నిలవ ఉన్న గోరువెచ్చని నీటిలో ఇది పెరుగుతుంది. సుమారు 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం. నీటి తుంపరలను పీల్చడం ద్వారా ఊపిరితిత్తులలోకి చేరుతుంది. ఇంగ్లాండ్, వేల్స్‌లలోని రోగులపై అక్కడి ఆరోగ్య పరిరక్షణ సంస్థ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2010లో ప్రచురితమైనది. వాషర్ ద్రవం కలపని ఒట్టి నీటితో వాహనాలు నడపడానికి, ఈ వ్యాధికి సంబంధం ఉన్నట్లు అందులో తేలినది. వ్యాప్తి చెందకుండా విడివిడిగా నమోదైన కేసులలో సుమారు 20 శాతం ఈ కారణంగా వచ్చి ఉండవచ్చునని వారు అంచనా వేశారు. వృత్తిరీత్యా ఎక్కువసేపు వాహనం నడిపేవారికి ముప్పు అధికమని కూడా పేర్కొన్నారు.

ఇది అంచనాయే తప్ప భయాందోళనలకు తావిచ్చే విషయం కాదు. అయితే అధ్యయనం జరిగినది చలిదేశంలో. పైన పేర్కొన్న 25 నుంచి 45 డిగ్రీల పరిధి మన ప్రాంతంలో సంవత్సరంలో అధిక భాగం సహజంగా ఉండే ఉష్ణోగ్రతే. వాషర్ ద్రవంలోని ఆల్కహాలు తగు పాళ్ళలో ఉన్నపుడు సూక్ష్మజీవుల పెరుగుదలను అరికడుతుంది. రోజంతా టాక్సీ నడిపేవారు, వృద్ధులను, ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారిని తీసుకుని వెళ్ళేవారు ఈ స్వల్ప జాగ్రత్తను పాటించడం మంచిది.

మిథనాల్ – తప్పక గమనించవలసిన పేరు

మిథనాల్ చవకైనది. గడ్డకట్టకుండా చేసే శక్తి దీనికి ఎక్కువ. ఈ రెండు కారణాలచేత కొన్ని దేశాలలో వాషర్ ద్రవాల తయారీకి దీనిని విరివిగా వాడుతున్నారు. కాని ఇది తీవ్రమైన విషం. శరీరంలోకి చేరిన మిథనాల్ కాలేయంలో ఫార్మాల్డిహైడ్‌గాను, ఆపై ఫార్మిక్ ఆమ్లంగాను మారుతుంది. ఆ ఆమ్లం కంటినరాన్ని దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు శాశ్వతంగా పోవచ్చు. 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయవచ్చు. తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 2024 జూన్‌లో మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగి 60 మందికి పైగా మరణించిన దుర్ఘటన దీని తీవ్రతను తెలియజేస్తుంది.

ఐరోపా సమాఖ్య 2018లో జారీ చేసిన నిబంధన ద్వారా, సాధారణ ప్రజలకు అమ్మే వాషర్ ద్రవాలలో మిథనాల్ బరువులో 0.6 శాతం, అంతకు మించి ఉండటాన్ని నిషేధించినది. 2019 మే నుంచి ఇది అమలులోకి వచ్చినది. కల్తీ మద్యంగా దీనిని తాగి జరిగిన మరణాలే ఈ నిర్ణయానికి నేపథ్యం.

మిథనాల్ త్వరగా నిప్పంటుకునే గుణం కలది. 11, 12 డిగ్రీల ఉష్ణోగ్రత వద్దనే గాలితో కలిసి మండగల ఆవిరిని వెలువరిస్తుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. గాఢ ద్రవపు సీసాలను వేసవిలో కారు లోపల, డిక్కీలో వదిలివేయడం ఈ కారణంగా మంచిది కాదు. ముందు అద్దం అడుగు భాగం నుంచే కారులోకి గాలి ప్రవేశిస్తుంది కాబట్టి, ద్రవం చిమ్మినపుడు దాని ఆవిరి కొంత ప్రయాణికులకు కూడా చేరుతుందన్నది గమనార్హం.

కొనే ముందు సీసా వెనుక ముద్రించిన పదార్థాల వివరాలు చదివి, మిథనాల్ లేని ద్రవాన్ని ఎంచుకోవాలి. పదార్థాల వివరాలే లేని సీసాను కొనరాదు. ఏ ద్రవాన్నయినా తాగునీటి సీసాలలో, శీతల పానీయాల సీసాలలో నిలవ చేయరాదు. నీలం, ఆకుపచ్చ రంగులు పిల్లలను ఆకర్షిస్తాయి. పొరపాటున ఎవరైనా తాగినచో బలవంతంగా వాంతి చేయించకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తరలించాలి. సీసాను కూడా వెంట తీసుకువెళ్ళి వైద్యులకు చూపాలి. మిథనాల్ విష లక్షణాలు 12 నుంచి 24 గంటల తరువాత గాని బయటపడకపోవచ్చు. మనిషి బాగానే ఉన్నాడని ఊరుకోవడం ప్రాణాంతకం కావచ్చు. సకాలంలో చికిత్స అందితే దీనికి విరుగుడు మందులు ఉన్నాయి.

చలి ప్రాంతాలకు వెళ్ళేవారికి

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, ఆదిలాబాద్ పరిసరాల వంటి ప్రదేశాలలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. ఆల్కహాలు కలిసిన సాధారణ ద్రవం అక్కడికి సరిపోతుంది. మనాలి, లడఖ్ వంటి చోట్లకు శీతకాలంలో విద్యుత్ కారులో వెళ్ళేవారు మాత్రం, సున్నా కంటే ఎన్ని డిగ్రీల దిగువ వరకు గడ్డకట్టదో సీసాపై చూసి తగిన ద్రవాన్ని బయలుదేరే ముందే నింపుకోవాలి. తొట్టిలో పాత నీరు మిగిలి ఉంటే కొత్త ద్రవం పలచబడి ఆ రక్షణ తగ్గిపోతుంది. కావున పాతదానిని పూర్తిగా చిమ్మి ఖాళీ చేసిన తరువాత నింపడం మేలు. నింపిన వెంటనే ఒకటి రెండుసార్లు చిమ్మితే గొట్టాలలోని పాత నీరు కూడా బయటకు పోతుంది.

అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగువారికి ఇది నిత్యావసరం. అక్కడ ఫారన్‌హీట్ మానంలో మైనస్ 20 డిగ్రీలు, అనగా సుమారు మైనస్ 29 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని ముద్రించిన ద్రవాలు సర్వసాధారణం. వీటిలో అనేకం మిథనాల్‌తో తయారైనవే. పిల్లలున్న ఇళ్ళలో వాటిని తాళం వేసిన గదిలో ఉంచాలి. స్వదేశం నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు కూడా ఆ డబ్బాలలో ఉన్నదేమిటో ముందుగానే తెలియజేయాలి.

నీటిని నిలువనీయని పూతలు

అద్దంపై నీరు నిలవకుండా జారిపోయేటట్లు చేసే పదార్థాలు కలిసిన ద్రవాలు కూడా బజారులో ఉన్నాయి. వాన కాలంలో ఇవి సౌకర్యంగా అనిపించినా, అన్ని కార్లకూ సరిపడవు. అద్దంపై అసమానంగా పేరుకున్న పొర వైపర్ కదలికలో కిరకిర శబ్దానికి, చారలకు కారణమవుతుంది. 2025 జూలైలో భారతదేశంలో విక్రయాలు ప్రారంభించిన టెస్లా సంస్థ, నీటిని తోసివేసే పదార్థాలు గాని, పురుగుల మరకల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన పదార్థాలు గాని కలిసిన ద్రవాలను వాడవద్దని తన యజమానుల కరదీపికలో సూచించినది. ఇతర సంస్థల కార్లకు సూచనలు వేరుగా ఉండవచ్చు. కావున కారుతో పాటు ఇచ్చిన కరదీపికలో వాషర్ ద్రవానికి సంబంధించిన పేజీని ఒకసారి చదవడం, సందేహం ఉంటే సాదా ద్రవాన్నే ఎంచుకోవడం శ్రేయస్కరం.

ఇంటి చిట్కాలు – నిజానిజాలు

గిన్నెలు తోమే ద్రవాన్ని నీటిలో కలిపి పోయడం పలువురి అలవాటు. అది చేతితో తోమి, పుష్కలంగా నీటితో కడగడానికి తయారైనది. అద్దంపై చిమ్మినపుడు కడిగే నీరు ఉండదు కాబట్టి నురుగు, పొర మిగిలిపోయి రాత్రివేళ కాంతి చెదిరిపోతుంది. తల రుద్దుకునే షాంపూ కూడా అంతే. అమోనియా కలిసిన కిటికీ అద్దాల ద్రవాలు హెడ్‌లైట్ల ప్లాస్టిక్ కవచానికి, కారు రంగుకు హాని చేయవచ్చు. కిరోసిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. అద్దంపై జిడ్డును కూడా మిగులుస్తుంది. కూలెంట్‌ను నీటిలో కలిపి వాడటం అన్నింటికంటె ప్రమాదకరం. అది అద్దంపై జిగటగా అంటుకుంటుంది. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి, తాగినవారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

నింపే పద్ధతి

కారు పవర్ స్విచ్ ఆపివేసి, చార్జింగ్ తీగ తొలగించిన తరువాత బానెట్ ఎత్తాలి. నారింజ రంగు తీగలు అధిక వోల్టేజి విద్యుత్తుకు గుర్తు. వాటిని తాకరాదు. వాటిపై నీరు పోయరాదు. వాషర్ తొట్టి మూతపై ఉన్న బొమ్మను నిర్ధారించుకుని, గరాటు సహాయంతో ద్రవాన్ని పోయాలి. ఒలికినదానిని గుడ్డతో తుడవాలి. బానెట్ మూసిన తరువాత ఒకసారి చిమ్మించి, ధార అద్దం మధ్య భాగంలో పడుతున్నదో లేదో చూడాలి. ద్రవం రానప్పుడు మీట అదేపనిగా లాగి ఉంచితే పంపు మోటారు కాలిపోవచ్చు.

ద్రవం ఎంత మంచిదైనా అరిగిన వైపర్ రబ్బరుతో ప్రయోజనం ఉండదు. మన వేసవి ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడి చీలుతుంది. వానాకాలానికి ముందే రబ్బరును పరిశీలించి, అవసరమైతే మార్పించుకోవాలి. వైపర్ వేసే ముందు ద్రవం చిమ్మడం అలవాటు చేసుకుంటే, పొడి దుమ్ము రాపిడికి అద్దంపై గీతలు పడవు.

ప్రభుత్వ కార్యాలయాలు, వాహన సముదాయాల నిర్వాహకులకు

కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ సంస్థ 2017లో ప్రభుత్వ శాఖల వినియోగానికి 10,000 విద్యుత్ కార్ల సేకరణకు టెండర్లు పిలిచినది. నాటి నుంచి అద్దె ప్రాతిపదికపై విద్యుత్ కార్లు ప్రభుత్వ కార్యాలయాలకు చేరుతున్నాయి. ఒకే కారును పలువురు డ్రైవర్లు నడిపే చోట ద్రవం ఎవరు నింపాలన్నది ఎవరికీ పట్టని విషయంగా మిగిలిపోతుంది. వాహనం లాగ్ పుస్తకంలో టైర్ల గాలితో పాటు వాషర్ ద్రవం, వైపర్ రబ్బరు పరిశీలనను కూడా వారానికొకసారి నమోదు చేయడం ఈ లోపాన్ని సరిదిద్దుతుంది.

టోకున కొనుగోలు చేసేటప్పుడు ధర ఒక్కటే ప్రాతిపదిక కారాదు. మిథనాల్ లేదన్న విషయాన్ని తెలిపే పదార్థాల భద్రతా పత్రాన్ని సరఫరాదారు నుంచి తీసుకోవాలి. పెద్ద డబ్బాల నుంచి చిన్న సీసాలలోకి మార్చినపుడు ప్రతి సీసాపై పేరు, హెచ్చరిక తెలుగులో రాయించాలి. డ్రైవర్లకు వాషర్ తొట్టిని, కూలెంట్ తొట్టిని వాహనం వద్దనే చూపించి తేడా తెలియజేయాలి. ఈ పనికి పది నిమిషాలకు మించి పట్టదు.

విద్యుత్ కారుకు ప్రత్యేకమైన వాషర్ ద్రవం అంటూ ఏదీ అవసరం లేదు. మిథనాల్ లేనిది, లవణాలు లేని నీటితో కలిపినది, నీటిని తోసివేసే పూతలు లేని సాదా ద్రవం చాలును. దానిని సరైన తొట్టిలో, సరైన పాళ్ళలో, తొట్టి ఖాళీ కాకముందే నింపుకోవాలి. చార్జింగుకు ఇచ్చే శ్రద్ధలో కొద్దిపాటి శ్రద్ధను అద్దం శుభ్రతకు కూడా ఇచ్చినపుడే ప్రయాణం సురక్షితమవుతుంది. ఈ అంశాలను వాహన చోదకులకు తెలియజేయడంలో రవాణా అధికారులు, డ్రైవింగ్ స్కూళ్ళు, పాత్రికేయులు తోడ్పడినచో ఎన్నో ప్రమాదాలను ముందుగానే నివారించవచ్చు.